ఎవరివో గోరీలు కావు

“తెల్లోళ్ల గోరీలే గదా, పోతే పోనీ.”

వేలూరులో గానీ గుడియాత్తంలో గానీ పాత చర్చి ఆవరణలో ఒక శిలువ విరిగినా, ఒక సమాధిఫలకం ముక్కలైనా మొదట వినబడే మాట ఇదే. టీ అంగడి దగ్గర ఈ మాట ఇంత మొరటుగానే వస్తుంది. చదువుకున్నవాళ్ల నోట కాస్త ముస్తాబై వస్తుంది: పరాయి పాలన గుర్తుల్ని మనమెందుకు మోయాలి? దోచుకుపోయినవాడి ఎముకలకు మన సొమ్ముతో కాపలా ఏమిటి? బతికున్నవాడికి జానెడు జాగా దొరకని ఊళ్లో చచ్చినవాళ్లకు ఎకరాలెందుకు? పోలీసు స్టేషన్‌కు చేరేసరికి అది ఇంకో రూపు తీసుకుంటుంది: తాగిన కుర్రాళ్ల అల్లరి, పెద్దది చేయకండి. చర్చికి బయట ఉన్నవాళ్లు ఇంకొక మాట కలుపుతారు: అది వాళ్ల మతం గొడవ, వాళ్లే చూసుకుంటారు.

ఈ మాటలన్నీ తప్పని నా వాదన. చచ్చినవాళ్ల మీద జాలితో చెప్పడం లేదు, మర్యాద కోసం చెప్పడం లేదు. ఆ ఆవరణల్లో ఎవరెవరు పడుకుని ఉన్నారో, ఆ రాళ్ల మీద ఏముందో చూడకుండా అనేస్తున్న మాటలివి. అక్కడ రాయి పగిలితే తెల్లవాడికి పోయేదేమీ లేదు. పోయేదంతా మనదే.

ముందుగా ఎదుటివాళ్ల వాదానికి బాగా బలమున్న చోటికే వెళదాం. వేలూరు పాత యూరోపియన్ శ్మశానంలో 1806 తిరుగుబాటులో చచ్చిన తెల్ల సైనికుల స్మారకం ఉంది. తెల్లవాడి గోరీ మీద కోపం రావడానికి ఇంతకంటే తగిన చోటు దేశంలో ఎన్నో లేవు. ఆ కోపం ఎందుకో తెలియాలంటే ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోవాలి.

1805 నవంబరులో మద్రాసు సైన్యానికి కొత్త ఉత్తర్వు వచ్చింది. నుదుట బొట్టూ నామం ఉండకూడదు, చెవిపోగులు తీసేయాలి, గడ్డం గీయించాలి, తోలు తురాయి ఉన్న కొత్తరకం తలపాగా పెట్టాలి. కాదన్న సిపాయిల్ని మద్రాసుకు పంపి విచారించారు, ఒక హిందువునీ ఒక ముసల్మానునీ కొరడాలతో కొట్టించారు. వేలూరు కోటలో అప్పుడు టిప్పు సుల్తాను కొడుకులూ కూతుళ్లూ బందీలుగా ఉన్నారు. ఆ ఇంట్లో పెళ్లి జరిగిన మర్నాడు, 1806 జులై 10న, ఇంకా తెల్లవారకముందే సిపాయిలు తెల్ల సైనికుల 69వ రెజిమెంటు బారకాసుల మీద పడ్డారు. 14 మంది అధికారులూ, 69వ రెజిమెంటు సైనికులు 115 మందీ చనిపోయారు. కోట అధిపతి కల్నల్ ఫాన్‌కోర్ట్ వాళ్లలో ఒకడు. అతని భార్య అమీలియా పిల్లలతో దాక్కుని బతికి బయటపడింది. ఆమె రాసిన కథనం ఆ రోజు గురించి మనకు మిగిలిన సాక్ష్యాల్లో ఒకటి.

కోట మీద మైసూరు జెండా ఎగిరింది. ఎగిరింది కొన్ని గంటలే. పొద్దెక్కేసరికి ఆర్కాట్ నుంచి బ్రిటిష్ అధికారి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి పడ్డాడు. రాజమహలులో తలదాచుకున్న వందమంది దాకా సిపాయిల్ని బయటికి ఈడ్చి గోడకు నిలబెట్టి కాల్చేశారు. ఆ రోజు చచ్చిన సిపాయిలు మూడువందల యాభై మంది ఉంటారని లెక్క. ఆ తర్వాత విచారణ జరిపి కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు, కొందరిని ఉరితీశారు, కొందరిని సముద్రం దాటించారు. తిరగబడ్డ మూడు పటాలాల్నీ రద్దుచేశారు. గవర్నర్ బెంటింక్‌నీ సేనాధిపతి క్రాడక్‌నీ లండన్ వెనక్కు పిలిపించుకుంది. మద్రాసు సైన్యంలో అరవవాళ్లతో పాటు తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో ఉండిన కాలమది. ఆ గోడ ముందు నిలబడ్డవాళ్లలో మనవాళ్లు లేరని ఎవరూ అనలేరు.

ఆ సిపాయిలకు సమాధి లేదు. నూటికి తొంభైమంది పేరైనా మనం చెప్పలేం. వాళ్లు చేసిన పనికి వేలూరు నేల మీద ఆ కాలపు గుర్తు ఏదైనా మిగిలిందంటే అది వాళ్ల చేతిలో చచ్చినవాళ్ల గోరీయే. హజ్రత్ మక్కాన్ కూడలిలో సిపాయిల స్మారకస్తంభం మన కాలంలో మనం నిలబెట్టుకున్నది. 2006లో రెండువందల ఏళ్లు నిండినప్పుడు తపాలా శాఖ స్టాంపు తెచ్చింది. 1857కు యాభై ఏళ్ల ముందే తెల్లదొరతనాన్ని ఎదిరించిన ఊరు మాదని వేలూరు చెప్పుకుంటుంది. చెప్పుకోవలసిందే. అయితే ఆ మాట నమ్మని పరాయి ఊరివాడెవడైనా వచ్చి ఋజువు అడిగితే చూపించడానికి మన స్తంభం ఒక్కటీ చాలదు. అది తర్వాత కట్టిన స్తంభం. పాత శ్మశానంలోని రాయి మనం రాయించింది కాదు, శత్రువు తన చేత్తో రాసుకున్నది. ఆ రోజు తనవాళ్లు చచ్చారని, ఈ కోటలోనే చచ్చారని ఒప్పుకుంటూ పెట్టినది. అంతకు మించిన సాక్ష్యం సిపాయికి ఇంకెవరిస్తారు?

“అయితే శత్రువుకు మొక్కమంటావా?” అని అడగవచ్చు. కాపాడటం వేరు, మొక్కడం వేరు. ఫాన్‌కోర్ట్ గోరీ మీద ఎవరూ పూలు పెట్టనక్కర్లేదు. పక్కన ఒక పలక పెట్టి, అతన్ని ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ఆ తర్వాత వాళ్లనేం చేశారు అన్నది తమిళంలో, తెలుగులో, ఉర్దూలో రాయాలి. ఆ పని చేయకుండా గునపం ఎత్తినవాడు సిపాయి వైపు నిలబడ్డట్టు కాదు. సిపాయి చేసిన పనికి ఊళ్లో ఉన్న ఆనవాలును తుడిచేస్తున్నాడు.

వేలూరులో సిపాయిల్ని కాల్పించిన గిలెస్పీ 1814లో డెహ్రాడూన్ దగ్గర ఖలంగా కోటను ముట్టడిస్తూ గూర్ఖాల గుండుకు చచ్చాడు. అక్కడ ఇంగ్లీషువాళ్లు రెండు స్తంభాలు కట్టించారు. ఒకటి గిలెస్పీకీ అతని మనుషులకీ, రెండోది తమను అన్ని రోజులు నిలవరించిన బలభద్ర కుంవర్‌కీ అతని గూర్ఖాలకీ. గూర్ఖాలు ఇప్పటికీ ఏటేటా ఖలంగా పేరుతో మేళా జరుపుకుంటారు. మొదటి స్తంభాన్ని కూల్చి రెండోదాన్నే ఉంచుకుందామని వాళ్లకు తోచలేదు. బలభద్రుడు ఎవరిని ఎదిరించాడో ఆ మొదటి స్తంభమే చెబుతుంది. వేలూరులో కూడా ఇప్పుడు రెండు రాళ్లున్నాయి, ఒకటి వాళ్లది, ఒకటి మనది. ఒకటి లేకపోతే రెండోది సగం మూగదవుతుంది.

ఇక “తెల్లవాళ్లు” అని ఒక్క మాటతో అందరినీ ఒక గంపలో వేయడం గురించి. హైదరాబాదు మలక్‌పేట దగ్గర మూసారాంబాగులో ఫ్రెంచి సేనాని రేమాన్ సమాధి ఉంది. 1798లో చనిపోయేదాకా నిజాం దగ్గర పనిచేస్తూ ఇంగ్లీషువాళ్లకు కంట్లో నలుసుగా ఉన్నవాడు. హిందువులూ ముసల్మానులూ అతన్ని తమవాడనుకున్నారు, ఆ పేటకు అతని పేరే నిలిచింది. గుత్తి కోట కింద శ్మశానంలో థామస్ మన్రోను 1827లో పూడ్చారు. పత్తికొండ దగ్గర కలరా వచ్చి పోయాడు. తర్వాత అస్థికల్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకెళ్లారు. కంపెనీ కోసమే పన్ను వసూలు చేసినవాడైనా మా సీమ రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మన్రో మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ సాగాలి. ఆ చర్చకు పనికొచ్చే వస్తువును పగలగొట్టి చర్చ గెలిచామనుకోవడం చరిత్ర కాదు.

ఈ గోరీలన్నీ సేనానులవీ కలెక్టర్లవీ కూడా కావు. వలస కాలపు శ్మశానాల్లో నడిచేవాళ్లకు తెలుసు, నెలల పసికందులవీ, తొలికాన్పులో పోయిన ఇరవై ఏళ్ల తల్లులవీ ఎన్ని ఉంటాయో. రెండు వానాకాలాలు గడిస్తే గొప్ప అని తెల్లవాళ్లే చెప్పుకున్న రోజులవి. కలరాకు జాతి భేదం లేదు.

ఇంతవరకూ తెల్లవాళ్ల గురించి చెప్పాను. నిజానికి గుడియాత్తం చుట్టుపక్కల పాత చర్చి ఆవరణల్లో వాళ్లు పిడికెడు మందే.

గుడియాత్తం వేలూరుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, మన పలమనేరు కొండల్లోంచి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున ఉంది. లుంగీలు నేసే ఊరు, అగ్గిపెట్టెల ఊరు, వైశాఖంలో గంగమ్మ శిరస్సును ఊరేగించే ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. గుడియాత్తం సంతలో ఇప్పటికీ తెలుగూ తమిళమూ కలగలిసే వినబడతాయి. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివాళ్ల ఆర్కాట్ మిషన్ 1853లో ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టింది. వేలూరు, రాణిపేట నుంచి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె దాకా ఆ మిషన్ రెండు భాషల్లో నడిచింది. మదనపల్లెలో ఉండిన జేకబ్ ఛేంబర్లేన్ తెలుగు బైబిల్ సవరణకు ఏళ్లతరబడి పెద్దగా ఉన్నాడు, 1908లో అక్కడే కన్నుమూశాడు. రాణిపేటలో పుట్టిన ఐడా స్కడ్డర్ 1902లో వేలూరులో షెల్ ఆసుపత్రి తెరిచింది. వేలూరు ఆసుపత్రి అంటే ఈవేళ రాయలసీమలో తెలియని ఇల్లు లేదు. అక్కడ బతికి వచ్చిన మనిషి లేని కుటుంబాన్ని చిత్తూరు జిల్లాలో వెతకాలి.

ఈ పెద్ద పేర్ల పని నడిపిన చేతులు ఎవరివి? పల్లెపల్లెకూ నడిచిన ఉపదేశి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు చదువు చెప్పిన బైబిలు స్త్రీ, ఆసుపత్రి కాంపౌండరు, తొలితరం నర్సు, మిషన్ బడి పంతులు, చర్చి గంట కొట్టినవాడు. వీళ్లు ఇక్కడివాళ్లు. చాలామంది ఊరి బయటి ‘చేరి’ (తమిళ దళితవాడ) నుంచి, మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లు. మిషన్ సమాధుల తోటలో ఎక్కువ రాళ్లు వీళ్లవే. పెద్ద పాలరాయి కాదు, జానెడు నల్లరాయి పలక. దాని మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక వాక్యం.

ఆ పలక విలువ తెలియాలంటే 2019 ఆగస్టును తలుచుకోవాలి. అప్పటి వేలూరు జిల్లాలోనే, వాణియంబాడి దగ్గర, ఒక దళితుడి శవాన్ని శ్మశానానికి తీసుకుపోవడానికి దారి ఇవ్వకపోతే పాలారు వంతెన మీంచి తాళ్లతో కిందికి దించారు. ఆ దృశ్యం దేశమంతా చూసింది, మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2019లోనే గతి ఇలా ఉంటే ధాత కరువు నాడు, 1876లో, ఎలా ఉండి ఉంటుంది? అలాంటి కాలంలో ఒక చేరి మనిషికి ప్రహరీ లోపల చోటు దొరికింది. అతని పేరు రాతి మీదికి ఎక్కింది. అతని ముందు తరాలెవరికీ దక్కని గౌరవం అది. తెల్లవాడి గుర్తులు చెరిపేస్తున్నానంటూ ఆ తోటలో గునపం దించినవాడు మొదట పగలగొట్టేది ఆ జానెడు పలకనే. అదే పలచన, అదే ముందు విరుగుతుంది.

చర్చి చేతులు కూడా శుద్ధమని నేననను. తిరుచ్చి మేలపుదూరులో కాథలిక్ శ్మశానం మధ్యలో కులం గోడ నిలిచిన సంగతి అందరికీ తెలుసు. ఆ గోడ కూలాలి. గోడ కూలాలనడానికీ గోరీ కూలాలనడానికీ మధ్య తేడా తెలియనివాళ్లతో వాదన కష్టం.

ఇప్పుడు “కుర్రాళ్ల అల్లరి” సంగతి. పాత సమాధి ఎలా కట్టారో చూస్తే ఈ మాట నిలవదు. లోపల ఇటుక, సున్నపు కట్టుబడి. పైన కరక్కాయ నీళ్లూ బెల్లం పాకమూ కలిపి నూరిన సున్నపు పూత, మద్రాసు చునాం అని పేరుపడినది. నున్నగా, తెల్లగా, అద్దంలా ఉండేది. ముఖాన గూడులాంటి చోట ఇనప చీలలతో బిగించిన ఫలకం. కొన్ని పాలరాళ్ల మీద అక్షరాల గాళ్లలో సీసం పోసి ఉంటుంది. చుట్టూ పోత ఇనుము కటకటాలు. కట్టినవాళ్లు మన మేస్త్రీలు, చెక్కినవాళ్లు మన రాతిపనివాళ్లు. తమకు రాని భాషను కాగితం మీద చూసి రాతి మీద దించిన చేతులవి.

దొంగకు ఇందులో అన్నీ సరుకే. కటకటాలు పాత ఇనుము అంగడికి పోతాయి. అక్షరాల్లోని సీసాన్ని ఉలితో పెరుకుతారు, దగ్గరగా చూస్తే ఒక్కొక్క అక్షరం గాడిలో ఆ ఉలి గీతలు కనబడతాయి. ఫలకాన్ని నాలుగు చీలల దగ్గర పెళ్లగించి తీసుకెళ్తారు, నునుపైన రాయి కాబట్టి మసాలా నూరడానికో బట్టలు ఉతకడానికో పనికొస్తుంది. ఫలకం ఊడిన గూట్లోంచి వాన నీరు లోపలి ఇటుకలోకి దిగుతుంది. పక్షి వేసిన రావిగింజ ఆ తడిలో మొలుస్తుంది. నాలుగైదు వానలకు వేరు గోరీని నిలువునా చీలుస్తుంది. అప్పుడు “పాతది, దానంతట అదే కూలింది” అని రాసుకుంటారు. సీసం పెరకడానికి గంటల తరబడి ఉలితో కూర్చున్నవాడు అల్లరి కుర్రాడు కాదు. కొనేవాడు లేకుండా ఆ పని జరగదు. పాత ఇనుము అంగడికి వెళ్లి అడిగే పోలీసు ఉంటే సగం కేసులు తేలతాయి.

చట్టం కూడా ఈ సాకుకు చోటివ్వలేదు. భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 297, సమాధుల చోట చొరబడి అవమానం చేస్తే ఏడాది దాకా జైలు అంటుంది. మనసు నొప్పించాలన్న ఉద్దేశమే ఉండాలని లేదు, ఇతరుల మనసు నొచ్చుకుంటుందని తెలిసి చేస్తే చాలు. శిలువ విరిస్తే క్రైస్తవుడికి బాధ కలుగుతుందని తెలియని మనిషి ఈ దేశంలో ఉన్నాడా? పూజాస్థలాన్ని పాడుచేస్తే 298వ సెక్షన్ కింద రెండేళ్లు. సెక్షన్లు లేక కాదు, ఎఫ్ఐఆర్ రాయక.

“అది వాళ్ల మతం గొడవ” అనేవాళ్లను అమరావతి దాకా తీసుకెళ్తాను. 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు కృష్ణ ఒడ్డున దీపాలదిన్నె అని పిలిచే ఒక మట్టిదిబ్బను తవ్వారు. లోపల చెక్కిన సున్నపురాళ్లు బయటపడ్డాయి. మనవాళ్లు వాటిని ఎవరివో రాళ్లనుకున్నారు. బౌద్ధం ఆ చుట్టుపక్కల ఎప్పుడో మాసిపోయింది, అడిగే వారసుడు లేడు. కొన్ని రాళ్లు గోడల్లోకి పోయాయి, కొన్ని మెట్లయ్యాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1798 ప్రాంతంలో కంపెనీ సర్వేయరు మెకంజీ చూసి వెళ్లాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ గీతల్లో ఉన్న రాళ్లలో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. మిగిలినవాటిలో మంచివి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అమరావతిని తలుచుకుని ఈ రోజు ప్రతి తెలుగువాడూ నిట్టూరుస్తాడు. ఆ నష్టానికి మూలం ద్వేషం కాదు, ఎవరివో రాళ్లులే అన్న నిర్లక్ష్యం. గుడియాత్తం శ్మశానం గురించి ఇప్పుడు మనమంటున్నది అచ్చంగా అదే మాట.

ఆ నిర్లక్ష్యం ఒక మతం దగ్గర ఆగదు. కేంద్ర పురావస్తు శాఖ 2024 మార్చిలో, ఇక జాతీయ ప్రాముఖ్యం లేదంటూ 18 కట్టడాల్ని రక్షణ జాబితాలోంచి తీసేసింది. వాటిలో ఝాన్సీ జిల్లాలోని గన్నర్ బర్కిల్ గోరీ ఉంది, లక్నో గౌఘాట్ శ్మశానం ఉంది. వాటి పక్కనే ఢిల్లీ బారాఖంబా శ్మశానం, హర్యానా ముజేసర్‌లోని మొగలుల కాలపు కోస్ మినార్, వారణాసి తేలియా నాలా బౌద్ధ శిథిలాలు కూడా ఉన్నాయి. తెల్లవాడి గోరీ పోతే పోనీ అని చూస్తూ కూర్చున్న దేశంలోనే బుద్ధుడి ఇటుకలూ పోయాయి. కాపలా లేని చోట మొదట ఏది పోతుందో, తర్వాత ఏది పోతుందో ఎంచుకునే వీలు మనకుండదు.

సమాధిని గౌరవించడం మన పద్ధతి కాదని, మనం కాల్చేవాళ్లమని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మంత్రాలయం వెళ్లరా? కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి సమాధి ముందు, కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ముందు చేతులు కట్టుకుని నిలబడేది ఎవరు? చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల్లో పశువుల్ని కాపాడబోయి చచ్చినవాడికి నిలిపిన వీరగల్లులు స్మారకఫలకాలు కాక మరేమిటి? వేలూరునే చూడండి. కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ని 1815లో ఇంగ్లీషువాళ్లు గద్దె దించి తెచ్చి ఈ కోటలో ఉంచారు. మధుర నాయకర్ల చుట్టరికమున్న తెలుగు మూలాల రాజు. 1832 జనవరి 30న ఇక్కడే చనిపోయాడు. వేలూరుకు అతనితో ఏ సంబంధమూ లేదు, బందీగా వచ్చాడు, బందీగా పోయాడు. అయినా తమిళనాడు ప్రభుత్వం 1990లో పాలారు ఒడ్డున అతని సమాధి మీద ముత్తు మండపం కట్టించింది. టిప్పు భార్య పాద్షా బేగం, హైదరాలీ భార్య బక్షీ బేగం గోరీలూ ఇదే ఊళ్లో ఉన్నాయి. బయటి నుంచి వచ్చి తన మట్టిలో కలిసినవాళ్లను తనవాళ్లు చేసుకోవడం వేలూరుకు చేతనైన పని. చర్చి ఆవరణ దగ్గరికి వచ్చేసరికి ఆ మనసు ఎందుకు ముడుచుకుంటుంది?

జాగా మాటకు ఎక్కువ సమాధానం అక్కర్లేదు. గోరీలు తీసేసిన చోట ఇల్లు లేనివాడికి ఇల్లు కట్టిన ఊరు నేనెరగను. ముందు ప్రహరీ పడిపోతుంది, తర్వాత బండ్లు నిలుపుకునే చోటవుతుంది, ఆ తర్వాత అంగళ్ల వరుస లేస్తుంది. పేదవాడి పేరు చెప్పి పెద్దవాడు తీసుకునే స్థలమది.

చర్చి పెద్దలతోనూ ఒక మాట. వేలూరు డయోసిస్ 1976లో ఏర్పడింది. పాత మిషన్ నుంచి వచ్చిన భవనాలకూ, తోటలకూ, సమాధులకూ అయ్యగార్లూ కమిటీలూ ధర్మకర్తలే గానీ యజమానులు కారు. శిలువ విరిగిన రోజున రోడ్డెక్కడం న్యాయమే. కానీ మిగిలిన రోజుల్లో ముళ్లకంప కొట్టించరు, గేటుకు తాళం వేయించరు, పాత సమాధుల పట్టిక ఉందా అంటే దిక్కులు చూస్తారు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అందులో 1846 నాటి సెయింట్ జాన్స్ చర్చికి ఆ నీడ దక్కింది. కోట బయట ఉన్న ఆవరణలకు ఆ నీడ దానంతటది రాదు. వందేళ్లు దాటితే చాలదు, ప్రభుత్వం ప్రకటించాలి. ప్రకటించమని ఎవరో ఒకరు అడగాలి. అడగాల్సింది ముందు చర్చి, తర్వాత వేలూరు కార్పొరేషన్, గుడియాత్తం మునిసిపాలిటీ.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మిగిలింది. తెల్లవాడి రాయి పగిలినా తెల్లవాడు పోడు. మద్రాసు ప్రెసిడెన్సీలో పూడ్చిన ఇంగ్లీషువాళ్ల చిట్టాల నకళ్లు కంపెనీ కాలం నుంచే లండన్‌కు వెళ్లాయి, అవి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి ప్రెసిడెన్సీ అంతటా గోరీల మీది రాతలు సేకరించి 1905లో ఒక పెద్ద సంపుటి అచ్చువేయించాడు. దక్షిణాసియా శ్మశానాల కోసం 1976లో ఇంగ్లండులో ఒక సంఘమే పుట్టి ఫోటోలూ పట్టికలూ పోగేసింది. కాబట్టి గునపం తగిలినా ఫాన్‌కోర్ట్ ఎక్కడికీ పోడు. అతని పేరు నాలుగుచోట్ల రాసి ఉంది.

కాటన్ వెతికింది ప్రధానంగా యూరోపియన్ల రాతల్ని. ఉపదేశి పలక అతని పుస్తకంలో లేదు. నర్సమ్మ పలక లండన్ చిట్టాలో లేదు. వాళ్ల పేరు ఉన్నది ఆ జానెడు రాతి మీద, ఇంకా చెదలు పట్టకుండా ఉంటే చర్చి రిజిస్టరులో. ఆ రాయి పగిలితే రెండో ప్రతి లేదు. పైగా ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు గానీ 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగు నేర్చుకుని చదవగలిగిన పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. తెలుగులో చెక్కిన పలక ఏదైనా ఉంటే దాన్ని చదివి చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు అవ్వలూ తాతలే.

నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం బక్కెట్లూ పూలదండలూ పట్టుకుని ఊరంతా ఎలాగూ వస్తుంది. ఈసారి సున్నం పూసేముందు ప్రతి పలకనూ ఫోను కెమెరాతో తీయాలి. తమిళమో తెలుగో ఇంగ్లీషో ఉన్నది ఉన్నట్టు, అరిగిన చోట అరిగిందని, అక్షరం అక్షరం నోటుపుస్తకంలో ఎక్కించాలి. పెద్దల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మనిషి ఎవరు, ఏం చేసేవాడు, ఎవరి తాత అని అడిగి రాసుకోవాలి. ఆ పుస్తకం ఒక ప్రతి చర్చిలో ఉండాలి, ఒకటి తహసీల్దారు ఆఫీసులో ఉండాలి, ఒకటి వేలూరు కోటలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉండాలి.